తాత్పర్యం దగ్గర ఆగిపోయిన ఇంటర్ తెలుగు

ఇంటర్మీడియట్ విద్యార్థికి పద్యం అర్థమైతే చాలు, దాన్ని విమర్శించే పని అతనిది కాదు అనే అభిప్రాయం తెలుగు చదువుల్లో గట్టిగా పాతుకుపోయింది. ప్రతిపదార్థం, తాత్పర్యం, కవి పరిచయం, సందర్భసహిత వ్యాఖ్యలు, నాలుగు వ్యాసరూప సమాధానాలు, కాస్త సంధులు, సమాసాలు వస్తే ఆ రెండేళ్ల తెలుగు పూర్తయినట్టే లెక్క. విమర్శ అనేది ఎం.ఏ. తెలుగులో చేరినవాళ్లు చూసుకోవలసిన వ్యవహారం. ఈ మాట లెక్చరర్లు అంటారు, తల్లిదండ్రులు అంటారు. ప్రశ్నపత్రం రాసేవాళ్లు అనకుండానే అమలు చేస్తారు.

ఈ అభిప్రాయానికి చెప్పే కారణాలు ముఖ్యంగా నాలుగు. ఒకటి, ఆ వయసుకు అనుభవం చాలదు. రెండు, ముందు అర్థం, తర్వాతే విమర్శ; పునాది లేకుండా గోడ లేవదు. మూడు, చిన్నవాళ్ల చేత విమర్శ చేయిస్తే పూర్వకవుల మీద, పురాణాల మీద గౌరవం పోతుంది. నాలుగు, సొంత అభిప్రాయాలకు మార్కులు వేయడం కుదరదు. ప్రవేశపరీక్షల చదువుల మధ్య అంత తీరికా లేదు. నాలుగూ పైకి సబబుగానే వినిపిస్తాయి. ఒక్కొక్కటిగా పరీక్షిస్తే ఒక్కటీ నిలవదు. ఆ పరీక్షకు కావలసిన సామగ్రి ఉత్తరాంధ్రలో, అందులోనూ శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం చుట్టుపక్కలే, కావలసినంత ఉంది.

ముందుగా విమర్శ అంటే ఏమిటో తేల్చుకోవాలి. అది తప్పులు పట్టడం కాదు, కవిని ఆడిపోసుకోవడం కాదు. ఒక రచన గురించి ఒక మాట అన్నప్పుడు, ఆ మాటకు రచనలోనే ఆధారం చూపాలి. ఆ ఆధారం నుంచి ఆ మాట ఎలా వచ్చిందో చెప్పాలి. ఎదురు ఆధారం కనిపిస్తే దాన్ని దాచకుండా జవాబు చెప్పాలి. ఈ మూడూ ఉంటే అది విమర్శ. లేకపోతే పొగడ్త అయినా తెగడ్త అయినా ఊకదంపుడే. ఎదుటివాడి మాటను పూర్వపక్షంగా ముందు చెప్పి, తర్వాతే సిద్ధాంతం చేయాలన్న నియమం మన శాస్త్రచర్చల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఇంటర్ విద్యార్థికి నేర్పవలసింది ఇంతకంటే పెద్ద విషయమేమీ కాదు.

వయసు చాలదన్న వాదానికి జవాబు ముఖలింగం పొరుగునే ఉంది. గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకునేటప్పుడు గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరేనాటికి ఆయనకు పదిహేడేళ్లు నిండీ నిండని వయసు. ఇవాళ సీనియర్ ఇంటర్ బెంచీ మీద కూర్చునే పిల్లల వయసదే. పాత శాసనాల లిపి ఆయనకు ఎవరూ నేర్పలేదు. పుస్తకాలు తెప్పించుకుని తనంత తానే నేర్చుకుని, ముఖలింగం గుళ్లలోని శాసనాలు చదివారు.

ఆ చదువు ఫలితం చిన్నది కాదు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడ ఉండేదన్నది అప్పటికి తేలని ప్రశ్న. పేరు పోలికను బట్టి, వంశధార నది సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నమే అది అని కొందరు పండితులు భావించారు. రామమూర్తి శాసనాల ఆధారం చూపించి ముఖలింగమే కళింగనగరమని వాదించారు. తర్వాతి చరిత్రకారుల్లో ఎక్కువమంది ఆ వాదాన్నే ఒప్పుకున్నారు. వినడానికి నప్పే మాటకూ రాతి మీద ఉన్న మాటకూ మధ్య తేడా పట్టుకోవడమే ఆయన చేసిన పని. సాహిత్య విమర్శకు మూలసూత్రం కూడా ఇదే.

గిడుగు అసాధారణుడు, అందరూ గిడుగులు కాలేరు అనవచ్చు. నిజమే. అయితే ఇక్కడ చూడవలసింది ప్రతిభను కాదు, పద్ధతిని. ఆ పద్ధతి మామూలు విద్యార్థికి కొత్త కూడా కాదు. కొత్త సినిమా చూసి వచ్చిన పదిహేడేళ్ల కుర్రాళ్లు హాస్టల్ వరండాలో చేసే వాదన వింటే తెలుస్తుంది. ఇంటర్వెల్‌కు ముందు హీరో అన్న మాటకూ క్లైమాక్స్‌లో చేసిన పనికీ పొత్తు కుదరలేదని ఒకడు అంటాడు. మధ్యలో ఫలానా సీను ఉంది కదా అని ఇంకొకడు అడ్డం వేస్తాడు. మాట, ఆధారం, ఎదురు ఆధారం మూడూ అక్కడ ఉన్నాయి. తెలుగు క్లాసులోకి రాగానే ఆ బుర్రను బయట వదిలి రమ్మంటున్నది చదువే గాని వయసు కాదు.

అనుభవం మాటకు వస్తే సంగతి మరీ తలకిందులుగా ఉంది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ 1960లలో వెలువడింది. అప్పు తీర్పు కోసం ఊరు పంచాయితీకి కూర్చోవడం, తరతరాల బాకీ ఒక కుటుంబాన్ని ఎక్కడికి నెట్టిందో చూపడం ఆ కథలో విషయం. జలుమూరు, నరసన్నపేట, టెక్కలి ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థికి అప్పు, వలస, ఊరి తగువు పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన సంగతులు కావు. ఆ కథలోని పలుకుబడి అతని ఇంటి మాటే. ఎక్కడో కూర్చుని గైడు రాసినవాడికి లేని అధికారం ఈ కథ మీద అతనికి ఉంది. ఆ అధికారాన్ని పక్కన పెట్టించి, గైడులో ఉన్న సారాంశం బట్టీ పట్టమనడం అనుభవం లేదన్న మాటను నిజం చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇంకొక విడ్డూరం ఉంది. 2011 పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన ఉన్నత పాఠశాల తెలుగు వాచకాల్లో పాఠం చివర ‘అవగాహన - ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అనే శీర్షికలు పెట్టారు. చదవని పేరా ఇచ్చి ప్రశ్నలు అడిగారు. నీ అభిప్రాయమేమిటి, కారణాలు రాయి అన్నారు. ఆ వాచకాలు చదువుకుని పదో తరగతి దాటినవాడు ఇంటర్‌లో చేరగానే మళ్లీ ప్రతిపదార్థానికి దిగిపోవాలి. పదిహేనేళ్లప్పుడు చాలిన వయసు పదిహేడేళ్లప్పుడు చాలకపోవడం ఏ మనస్తత్వశాస్త్రానికీ అందని సంగతి.

రెండో వాదం కాస్త బలమైనది. అర్థం తెలియకుండా విమర్శ ఏమిటన్న ప్రశ్నలో న్యాయం ఉంది. ఈ వాదం చేసే పొరపాటల్లా అర్థాన్ని విద్యార్థి చేతికి అందించగలిగిన వస్తువుగా అనుకోవడం. తాత్పర్యం కూడా ఎవరో ఒకరు చదివి తేల్చిన తీర్పే. ఆ తీర్పు ఎలా వచ్చిందో తెలియకుండా దాన్ని అప్పజెప్పినవాడికి రచన అర్థమైనట్టు కాదు. ఇంకొకరికి ఏం అర్థమైందో అతనికి తెలిసినట్టు, అంతే.

గురజాడ ‘కన్యాశుల్కం’ దీనికి మంచి ఉదాహరణ. ఆ నాటకం ఇంటర్ విద్యార్థికి సాధారణంగా ఒక్క వాక్యంగా అందుతుంది: కన్యాశుల్క దురాచారాన్ని ఖండించిన సాంఘిక నాటకం. ఈ వాక్యం తప్పు కాదు. గురజాడే 1897 నాటి తొలి ముద్రణ పీఠికలో అలాంటి లక్ష్యం చెప్పారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన ఇటువంటి పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారని, వాటి సంఖ్య 1,034కు చేరిందని కూడా అక్కడ రాశారు. అంత స్పష్టంగా లెక్కతో మొదలైన నాటకంలో సంస్కరణ గురించి అందరికంటే జోరుగా ఉపన్యసించేవాడు ఎవరు? గిరీశం. అతని సంస్కరణ ఎంతటిదో ప్రేక్షకుడికి మొదటి రంగం నుంచే తెలుసు. మరి ఈ నాటకం సంస్కరణకు తోడ్పడుతోందా, సంస్కర్తలను చూసి నవ్వుతోందా, లేక మాటల సంస్కరణకూ చేతల సంస్కరణకూ తేడా చూపుతోందా?

ఈ ప్రశ్నకు తాత్పర్యంలో జవాబు దొరకదు. గిరీశం ఏ రంగంలో ఎవరి ముందు ఏం మాట్లాడాడో, అదే విషయం మీద తర్వాత ఏం చేశాడో పక్కపక్కన పెట్టుకుని చూడాలి. వకీలు సౌజన్యారావు దగ్గర కథ ఎలా ముగిసిందో చూడాలి. మరో మెట్టు ఎక్కితే, 1909లో వచ్చిన రెండో ముద్రణలో గురజాడ నాటకాన్ని బాగా పెంచి తిరగరాశారు. మధురవాణి పాత్ర ఎంతో విస్తరించింది. పీఠిక చెప్పిన దురాచార ఖండనకే అయితే ఆ విస్తరణ అవసరమేమిటని అడగవచ్చు. ఇలా అడిగి, వెతికి, పోల్చి చూసిన విద్యార్థికే నాటకం అర్థమవుతుంది. ‘మధురవాణి పాత్ర చిత్రణను వివరించండి’ అన్న ప్రశ్నకు ఆరు ఉపశీర్షికల జవాబు రాసినవాడు మధురవాణిని కలుసుకోకుండానే మార్కులు తెచ్చుకోగలడు.

అర్థం, విమర్శ రెండూ వేర్వేరు మెట్లు కావన్న సంగతి వేరేచోట్ల కూడా రుజువైంది. ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జి విద్యార్థులకు కవి పేరు చెప్పకుండా పద్యాలిచ్చి, వాళ్లు రాసిన అభిప్రాయాలను విశ్లేషించి 1929లో పుస్తకంగా తెచ్చారు. పేరున్న విశ్వవిద్యాలయంలో చదివేవాళ్లు కూడా పద్యం మామూలు భావమే పట్టుకోలేకపోయారని, అరువు తెచ్చుకున్న అభిప్రాయాలు రాశారని అందులో తేలింది. అర్థం చెప్పించుకోవడానికి అలవాటుపడినవాడు ఒంటరిగా పద్యం ముందు కూర్చుంటే ఏమవుతుందో దాన్ని బట్టి తెలుస్తుంది. అందుకు విరుగుడు మరిన్ని తాత్పర్యాలు కావు. సొంతంగా చదివి, తన అర్థాన్ని తానే పరీక్షించుకునే అలవాటు.

గౌరవం పోతుందన్న మూడో వాదానికి సంప్రదాయమే సాక్ష్యం చెప్పదు. అలంకారశాస్త్రంలో దోషప్రకరణం ఒక ప్రధాన భాగం. మమ్మటుడి కావ్యప్రకాశంలో ఏడో ఉల్లాసం అంతా దోషాల చర్చే. కాళిదాసు కుమారసంభవంలో పార్వతీపరమేశ్వరుల శృంగారాన్ని వర్ణించడం అనుచితమని ఆలంకారికులు నిర్మొహమాటంగా అన్నారు. కాళిదాసు గౌరవం దానితో తగ్గలేదు. తెలుగునాట పుట్టిన మల్లినాథుడు మూలంలో లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని నియమం పెట్టుకుని వ్యాఖ్యానాలు రాశాడు. ఆధునిక కాలంలో కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వవిచారము’తో ప్రబంధాల మీద సూటి విమర్శ చేశారు. ఆయన పుస్తకం చదివి ఎవరూ ప్రబంధాలను గోదావరిలో కలిపేయలేదు. ప్రశ్న వేయడం అపచారమన్న భావన సంప్రదాయం నుంచి రాలేదు. తరగతి గది సోమరితనం నుంచి వచ్చింది.

ముఖలింగంలోనే ఇది ప్రయోగం చేసి చూడవచ్చు. ఆ స్థలం మీద రెండు రకాల రచనలు విద్యార్థికి అందుబాటులో ఉన్నాయి. ఒకటి స్థలపురాణం. ఒక శబర నాయకుడికి ఇద్దరు భార్యలు, ఇంటి దగ్గర ఇప్పచెట్టు, దాని పువ్వుల కోసం సవతుల తగువు, విసిగిన నాయకుడు చెట్టు నరకబోతే అందులోంచి శివుడు ముఖం చూపడం ఆ కథ. అక్కడి శివుడికి మధుకేశ్వరుడన్న పేరు రావడానికి ఇప్పచెట్టే కారణమని చెబుతారు. రెండోది గుడిలోని దానశాసనాలు. శకసంవత్సరం, రాజు పేరు, దాత పేరు, అఖండదీపానికి ఇచ్చినది, ధర్మం చెరిపినవాడికి పట్టే పాపం వరుసగా వస్తాయి. వీటిలో చాలావాటి పాఠాలు దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో అచ్చయ్యాయి.

ఇప్పుడు ఈ రెండింటినీ సీనియర్ ఇంటర్ క్లాసులో బల్ల మీద పెడితే ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ఒక్కొక్క రచనలో మాట్లాడుతున్నది ఎవరు, ఎవరిని ఉద్దేశించి? స్థలపురాణంలో కథ నడిపే శబరుడికి దానశాసనాల్లో చోటు ఎంత? రాజుకు స్థలపురాణంలో చోటు ఎంత? శాసనం పాపభయంతో ఎందుకు ముగుస్తుంది, కథ దైవదర్శనంతో ఎందుకు ముగుస్తుంది? ఒకదాంట్లో తేదీ ఉంది, ఇంకొకదాంట్లో లేదు. అంతమాత్రాన తేదీ లేనిది అబద్ధమైపోతుందా, లేక అది వేరే రకం సత్యం చెబుతోందా? శబరులని కూడా పిలిచే సవరల భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం ప్రకటించిన గిడుగు ఈ ఊరి పక్కనే పుట్టారన్న సంగతి కూడా ఆ చర్చలోకి సహజంగా వస్తుంది. ఇన్ని ప్రశ్నలు వేసిన పిల్లవాడు శివరాత్రి తర్వాత వంశధారలో చక్రతీర్థస్నానానికి వెళ్లడం మానడు. వెళ్లినప్పుడు స్తంభం మీద అక్షరాలు కూడా చూసి వస్తాడు. గౌరవం పెరిగిందనాలా, తగ్గిందనాలా?

నాలుగో వాదం మార్కులది. నిజానికి మిగతా మూడూ దీని వెనక నిలబడి ఉన్నవే. సొంత అభిప్రాయానికి మార్కులు ఎలా వేస్తారని అడిగేవాళ్లు, ఇప్పుడు వేస్తున్న మార్కులు దేనికో చూడాలి. సందర్భసహిత వ్యాఖ్య రాసే పద్ధతిలో పరిచయం, సందర్భం, భావం, వ్యాఖ్య అని నాలుగు భాగాలున్నాయి. చివరి భాగం విద్యార్థి తన బుద్ధి ఉపయోగించడానికి ఏర్పడింది. అక్కడ ఏడాదికేడాది కనిపించే వాక్యం మాత్రం ఒక్కటే: కవి వర్ణనానైపుణ్యం ఇందులో చక్కగా వ్యక్తమవుతోంది. ఈ వాక్యం నన్నయకూ సరిపోతుంది, జాషువాకూ సరిపోతుంది, పుస్తకం తెరవనివాడికీ సరిపోతుంది. ఏ పద్యానికైనా అతికే వ్యాఖ్య ఏ పద్యం గురించీ ఏమీ చెప్పదు. దానికి మార్కు వేయడం కచ్చితమైన మూల్యాంకనమని అనుకోవడమే అసలు భ్రమ.

విమర్శకు మార్కులు వేయడం అసాధ్యమేమీ కాదు. ఎనిమిది మార్కుల ప్రశ్న ఉందనుకుంటే, విషయం మీద స్పష్టమైన మాట అన్నందుకు రెండు, రచనలోంచి సరైన ఆధారాలు చూపినందుకు మూడు, ఆధారాన్నీ మాటనూ కలిపినందుకు రెండు, ఎదురు అభిప్రాయానికి జవాబు చెప్పినందుకు ఒకటి అని ముందే ప్రకటిస్తే సరిపోతుంది. విద్యార్థి అభిప్రాయం దిద్దేవాడికి నచ్చిందా లేదా అన్నది ఈ లెక్కలోకి రాదు. ఇంటర్నేషనల్ బాకలారియట్ సాహిత్య పరీక్షలో ఇదే వయసు పిల్లలకు ముందుగా చూడని రచన ఇచ్చి విశ్లేషించమంటారు. ప్రకటించిన ప్రమాణాల ప్రకారమే మార్కులు వేస్తారు. అక్కడ కుదిరింది ఇక్కడ కుదరకపోవడానికి పిల్లలు కారణం కారు.

తీరిక లేదన్న మాటకు వేరే సమాధానం చెప్పాలి. తెలుగును బట్టీ సబ్జెక్టుగా మార్చినందువల్ల మిగిలిన తీరిక ఏమైంది? బట్టీతో వచ్చే మార్కులే పరమార్థమైతే, ఇంకా తేలికగా మార్కులు వచ్చేచోటికి విద్యార్థి వెళతాడు. మార్కుల కోసం సంస్కృతం ద్వితీయ భాషగా తీసుకోవడం ఇంటర్ కాలేజీల్లో మామూలైపోయింది. అందులో సంస్కృతం మీద ప్రేమ ఎంత ఉందో అందరికీ తెలుసు. తాత్పర్యం చాలన్న వాదం తెలుగును కాపాడలేకపోయింది సరికదా, తెలుగు క్లాసు ఖాళీ కావడానికి దారి వేసింది. ఆలోచించే పని ఉన్న సబ్జెక్టును మార్కుల సంతలో ఓడించడం అంత సులువు కాదు. ఆ పని లేని సబ్జెక్టు ఎక్కడైనా ఓడిపోతుంది.

ఇలాంటి వాదాలు ఇంటర్ చదువు చుట్టూ జరగడం ఇది మొదటిసారి కాదు. ఇంటర్మీడియట్ విద్యార్థి తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న వివాదం 1910 తర్వాతి సంవత్సరాల్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో నడిచింది. విద్యార్థి తన కాలపు శిష్టుల భాషలో రాస్తే సాహిత్యం చెడిపోతుందని గ్రాంథికవాదులు పట్టుబట్టారు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించారు. గిడుగు పాత కావ్యాల నుంచి, శాసనాల నుంచి ప్రయోగాలు ఏరి చూపించారు. గ్రాంథికం రాస్తున్న పండితుల రాతల్లోనే ఆ గ్రాంథిక నియమాలు ఎలా తప్పుతున్నాయో పట్టి చూపించారు. ఆనాటికి పండితులదే పైచేయి అయింది. తర్వాత పాఠ్యపుస్తకం, పత్రిక, పరీక్ష అన్నీ వ్యావహారికంలోకి వచ్చాయి. విద్యార్థికి తన భాష దక్కింది గాని, ఆ భాషలో తన మాట చెప్పుకునే అవకాశం దక్కలేదు. గిడుగు జయంతిని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరిపే కాలేజీలు ఆయన గురించి వ్యాసం బట్టీ పట్టించి బహుమతులు ఇవ్వడం ఆయన పద్ధతికి నేరుగా వ్యతిరేకం.

ఇక, విమర్శ నేర్పడంలో నిజమైన ప్రమాదం ఒకటుంది. దాన్ని ఎదుటిపక్షం కంటే విమర్శ కోరేవాళ్లే ముందు చెప్పాలి. ఆధారం వెతికే ఓపిక లేనిచోట విమర్శ ముద్రలు వేయడంగా దిగజారుతుంది. రచయిత కులం, పార్టీ, కాలం తెలియగానే తీర్పు తయారైపోతుంది. రచన చదవడం లాంఛనమవుతుంది. ‘యజ్ఞం’ ముగింపు మీద వచ్చిన చర్చలు ఇందుకు మంచి పాఠం. కన్నబిడ్డను తండ్రే చంపుకునే ఆ ముగింపు కథలోంచి సహజంగా వచ్చిందా, రచయిత తెచ్చి పెట్టాడా అన్నదాని మీద విమర్శకులు గట్టిగా విభేదించారు. క్లాసులో ఈ చర్చకు మొదటి మెట్టు ఏ వాదం ప్రగతిశీలమైనదని అడగడం కాదు. పంచాయితీలో ఎవరెంత మాట్లాడారు, ఎవరి మాట ఎవరు మధ్యలో ఆపారు, బాకీ లెక్క ఎలా పెరిగింది, తర్వాత జరగబోయేదానికి ముందే సూచనలున్నాయా అన్నవి పేజీలు చూపిస్తూ తేల్చడం. ముద్ర వేయాలనుకునేవాడు అప్పుడు వేసుకోవచ్చు. అప్పటికి చాలామందికి ఆ అవసరం తీరిపోతుంది. రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయంలో తెలుగు కథలు, పాత పత్రికలు పోగుపడి ఉన్నాయి. ఒక కథను పత్రికలో మొదట అచ్చయిన రూపంతో పోల్చి చూడటం లాంటి పని ఉత్తరాంధ్ర కాలేజీ పిల్లలకు బస్సు దూరంలోనే ఉంది.

వయసు, పునాది, గౌరవం, మార్కులు అనే నాలుగు కారణాల్లో విద్యార్థి లోపం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా పరీక్ష అలవాటు. పరీక్ష మారితే పాఠం మారుతుంది. ఇంటర్మీడియట్ తెలుగు ప్రశ్నపత్రంలో ముందుగా చూడని ఒక పద్యమో కథాభాగమో ఇచ్చి, దాని మీద ఆధారాలతో అభిప్రాయం రాయమనే ప్రశ్న ఒక్కటి తప్పనిసరి చేయాలి. ప్రమాణాలు ముందే ప్రకటించాలి. బోర్డు ఆ పని చేసేదాకా ఆగనక్కరలేదు. వారానికి ఒక్క పీరియడ్ గైడు మూసి, నువ్వు అన్న మాటకు ఆధారం ఎక్కడ అని అడగడం ఏ లెక్చరరైనా రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.